ఫార్మాట్ అననియ్యని మా యారాలు

మా యారాలు పోయిన సంగతి మా బావ నాకు ఫోన్లో చెప్పలేదు. "దుకాణం బంద్ చేసి రా" అని మాత్రం అన్నాడు. అప్పుడు నేను ఒకాయన ఆధార్ కార్డుకు జిరాక్స్ తీస్తున్నాను. ఒకవైపు అయింది, రెండోవైపు తిప్పి పెట్టాలి. ఆ రెండోవైపు కూడా తీసి, కార్డు ఆయన చేతికిచ్చి, మిషన్ ఆపి, షటర్ సగం దించాక గాని నాకు ఏడుపు రాలేదు. ఎదురుగా పండ్ల బండి పెట్టుకునే ఆమె నా ముఖం చూసి ఏమైందని అడగలేదు. వచ్చి షటర్ మిగతా సగం దించింది.

యారాలంటే తోడికోడలు. వేరే జిల్లాల వాళ్లకు ఈ మాట తెలియకపోవచ్చు కనుక చెబుతున్నాను. ఆమె మా ఇంటికి పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లె అనేది. యారాళ్లంటే పొయ్యి దగ్గర కొట్లాడుకునేవాళ్లని లోకం అనుకుంటుంది. మేమూ కొట్లాడుకున్నాం. కాకపోతే మా కొట్లాటలన్నీ కంప్యూటర్ ముందర జరిగాయి.

మా మొగుళ్లు, అన్నదమ్ములిద్దరూ గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఆర్మూర్ పాత బస్టాండు వెనక ఆమె ఈ దుకాణం పెట్టింది. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. బీడీలు చుడుతూ కూర్చున్న నన్ను చేట పక్కన పెట్టించి తెచ్చుకుంది. నాకు మౌస్ పట్టుకోవడం కూడా రాదని చెబితే, నీకు ఆకు కత్తిరించుడు వచ్చు గద, గంతకంటె కష్టం కాదు అంది. కష్టమే. ఆ ముక్క చివరిదాకా ఆమె చేత ఒప్పించలేకపోయాను.

మా పనికి శత్రువు పెన్‌డ్రైవు. ఏర్గట్ల నుంచి ఒకటి, ఆలూర్ నుంచి ఒకటి, ఎక్కడెక్కడివో మా దుకాణానికి వచ్చేవి, వచ్చేటప్పుడు వైరస్‌ను వెంటబెట్టుకొని వచ్చేవి. ఒక పెళ్లి పత్రిక డిజైన్ తెచ్చిన పెన్‌డ్రైవ్ మా కంప్యూటర్‌లో ఉన్నవన్నీ మింగేసింది. అప్పుడు కాలేజీలో కంప్యూటర్లు చూసే ఒకాయన వచ్చి పాత సిస్టం తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టం వేసి పోయాడు. అలవాటైన గుర్తులన్నీ జాగాలు మారాయి. నాకు ఒళ్లు మండింది. ఆమెకు మాత్రం మొదటి రోజే నచ్చింది. ఎందుకని అడిగితే చెప్పింది.

"పాతది సారీ అంటుండె, ఏమైందో చెప్పకపోతుండె. గిది సారీ అనది, ఏమైందో చెప్తది."

నిజమే. నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేస్తే, కంప్యూటర్‌కు ఏం పెట్టాం, అది దాన్ని గుర్తుపట్టిందా, ఎక్కడ అడ్డం తిరిగిందీ అన్నీ వరుసగా వచ్చేవి. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషుతో, తెలియని మాటను ఫోన్లో వెతుక్కుంటూ, ఆ వరుసల మీద వేలు ఆనించి చదివేది. నాకది పంచాంగం చూస్తున్నట్టు ఉండేది. ఏమంటున్నది నీ పంచాంగం, మంచి రోజేనా అని ఏడిపించేదాన్ని.

పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం లేదని ఎవరైనా వస్తే చాలా దుకాణాల్లో చెప్పేది ఒకటే మాట, ఫార్మాట్ కొట్టాలని. అంటే లోపలున్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టాలని. ఆ మాట మా దుకాణంలో అనడానికి వీల్లేదు. మా యారాలు పెన్‌డ్రైవ్ చేతికి తీసుకోకముందే అడిగేది, ఎవరిది, లోపల ఏమున్నది అని. బయట మనుషులు వరుసకట్టి నిలబడి ఉంటే ఈమె నాడి పట్టుకున్న వైద్యుడి లెక్క కూర్చునేది. నాకు చిర్రెత్తేది. అడిగితే ఏమొస్తుందని ఒకసారి గట్టిగానే అన్నాను. లోపల సినిమాలుంటే ఒక తీరు పట్టుకోవాలని, బిడ్డ పెళ్లి ఫొటోలుంటే ఇంకో తీరు పట్టుకోవాలని చెప్పింది. రెండూ అదే పెన్‌డ్రైవ్ కదా అని నేను. పట్టుకునే చెయ్యి వేరని ఆమె.

తర్వాత ఆ మొండి పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ డబ్బా ముందు వైపున్న పోర్టులో పెట్టకుండా వెనక వైపు పెట్టేది. ముందు దాంట్లో కరెంటు బలం తక్కువట. పెట్టి, నల్ల కిటికీలో వరుసలు చూసేది. చూశాక కూడా వెంటనే బాగుచేసేది కాదు. చదవడానికి మాత్రమే వీలయ్యేటట్టు, అందులో ఏదీ రాయడానికి వీలు లేకుండా తెరిచేది. లోపలున్నవన్నీ వేరేచోటికి తీసుకున్నాకే మరమ్మతు.

"చూసుడు వేరు, చెయ్యి పెట్టుడు వేరు చెల్లె. కొత్త కోడలు ఇల్లు చూసినట్టు చూడాలె. అన్నీ చూడాలె, ఏదీ జరపొద్దు."

ఆ మాట నా మీదికే వచ్చిందని నాకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో, వంటింట్లో మూలకున్న బియ్యం డబ్బా ఇటు పెడితే బాగుంటుందని ఇటు జరిపాను. మా అత్త నాతో మాట్లాడడం మానేసింది. ఎందుకో నాకు తెలియలేదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే డబ్బా పాత మూలలో ఉంది, అత్త చాయ్ తాగుతావా అని అడుగుతోంది. జరిపింది మా యారాలు. నాతో ఒక్క మాట అనలేదు.

ఆమెకు అన్నీ తెలుసని చెబితే అబద్ధమవుతుంది. కొన్నేళ్ల కింద పాత లినక్స్ మార్చి కొత్తది వేసే అప్‌గ్రేడ్ ఒకటి చేశాం. చేసిన దగ్గరి నుంచి ముందు వైపు పోర్టు ఏ పెన్‌డ్రైవ్‌నూ పట్టలేదు. కొత్త లినక్స్‌దే తప్పని ఆమె పొద్దంతా నల్ల కిటికీ ముందు కూర్చుంది. పాతది బాగుండె అని ఒకసారి, వాళ్లు ఏదో తీసేసినట్టున్నరని ఒకసారి సణిగింది. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది. సాయంత్రం నేను ఊడుస్తూ వంగి చూస్తే, పోర్టు లోపల పచ్చగా ఉంది. అప్‌గ్రేడ్‌కు ముందు వచ్చిన దసరా నాడు ఆయుధ పూజ చేసినప్పుడు కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, జిరాక్స్ మిషన్‌కు పసుపు తడిపి నిండుగా బొట్లు పెట్టింది ఆమే. పసుపు పండే ఊరు గదా, మా దగ్గర బొట్టంటే చుక్క కాదు. ఆ తడి పసుపు లోపలికి జారి ఎండి గట్టిపడింది. పళ్లు కుట్టుకునే పుల్లతో గీకి, పాత బ్రష్‌తో దులిపితే పోర్టు పని చేసింది. ఇద్దరం నేల మీద కూర్చుని కడుపు పట్టుకొని నవ్వాం. సాఫ్ట్‌వేర్‌ను తిట్టే ముందు టార్చి కొట్టి చూడాలని ఆ రోజు నుంచి అనేది. తర్వాతి దసరాకు కూడా బొట్లు పెట్టింది. కాకపోతే పోర్టులకు ముందుగా టేపు అంటించింది.

పోయిన సంవత్సరం ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఆమె భర్త, మా బావ, గల్ఫ్‌లో పని వదిలి వచ్చేశాడు. వారంలో కొన్ని రోజులు నిజామాబాద్ పోయి డయాలిసిస్ చేయించుకోవాలి. మిగతా రోజుల్లో ఇంటి దగ్గర పడుకోమంటే వినేది కాదు, దుకాణానికి వచ్చేది. ఫొటోల కోసం కట్టిన నీలం తెర వెనక ఒక కుర్చీ వేసుకొని కళ్లు మూసుకునేది. నిద్రపోయిందని నేను అనుకునేలోపు, ముందుది కాదు, వెనకది, అని తెర వెనక నుంచి గొంతు వచ్చేది. ఏ పోర్టులో పెట్టానో చప్పుడును బట్టి తెలిసేదట.

ఆ రోజుల్లోనే మళ్లీ అప్‌గ్రేడ్ చేయవలసి వచ్చింది. మా పాత లినక్స్‌లో దరఖాస్తుల సైట్లు తెరుచుకోవడం మానేశాయి. ఈసారి ఆమె కీబోర్డు నా ముందుకు జరిపింది. నీ చేత్తోనే చెయ్యి, నేను ఊకె చూస్త అంది. ఓపిక లేక అలా అంటోందని అనుకున్నాను. ఎందుకు అన్నదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసి ఉంటే నా వేళ్లు ఆ మీటల మీద కదిలేవి కావు.

అప్‌గ్రేడ్ అయింది. చాలా పెన్‌డ్రైవ్‌లు తెరుచుకున్నాయి. కొన్ని మొండికేశాయి. అవి కంప్యూటర్‌కు చెప్పకుండా, అంటే ఎజెక్ట్ నొక్కకుండా, పీకేసినవి, వాటిని ఆమె చెప్పినట్టు నేనే సర్దాను. మా దుకాణంలో తీసిన ఫొటోలన్నీ ఉన్న హార్డ్ డిస్క్ డబ్బా మాత్రం పెట్టగానే లైటు వెలుగుతుంది, తెర మీద పేరు వస్తుంది, మరుక్షణం పేరు పోతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది.

అది ఇంకా బాగుకాకముందే ఆలూర్ నుంచి ఒక అవ్వ వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చింది. అవ్వ కొంగులో కట్టుకున్న మూట విప్పితే అందులో అటువంటి హార్డ్ డిస్క్ డబ్బానే ఉంది, కొంచెం పాతది. అవ్వ కొడుకు గల్ఫ్‌లో నిద్రలోనే పోయాడు. శవపేటిక వెంట వచ్చిన అతని పెట్టెలో ఇది దొరికింది. చూపించిన చోటల్లా ఫార్మాట్ కొట్టాలని అన్నారని కోడలు చెప్పింది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలిసినట్టే ఉంది, అందుకే ఎవరినీ ముట్టనివ్వలేదు.

నేను పెట్టి చూశాను. లైటు వచ్చింది, పేరు వచ్చింది, పోయింది. నీలం తెర వెనక నుంచి, ఇంకోపారి పెట్టకు అని గొంతు వినిపించింది. తర్వాత మా యారాలు గోడ పట్టుకొని బయటికి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. ఎప్పుడూ అడిగేదే అడిగింది, లోపల ఏమున్నదని.

"నా కొడుకు గొంతు ఉన్నది బిడ్డా. గాడ వాని రూములోళ్లు చెప్పిన్రు, వండేటప్పుడు వీడియోలు తీసుకుంటుండె అని."

ఫొటో ఉందా అవ్వా అని నేను అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"ఇంట్ల పెద్ద ఫొటో కట్టిచ్చిన్రు. నాకు షుగరుకు కండ్లు పోయినయి. ఫొటో గాదు, గోడనే కనవడది."

మా యారాలు డబ్బాను తీసి అవ్వ చేతిలో పెట్టింది. తర్వాత, ఇది పాడు కాలేదని అవ్వకు నమ్మకంగా చెప్పింది. మా డబ్బా కూడా ఇలాగే చేస్తోందని, అప్‌గ్రేడ్‌కు ముందు అది చక్కగా తెరుచుకునేదని, కాబట్టి లోపం డబ్బాలో లేదని విడమర్చింది. ముందు మాది సరిచేసుకొని పిలుస్తాం, అప్పటిదాకా దీన్ని ఎవరికీ ఇవ్వకు, దేనికీ పెట్టకు అని చెప్పింది. అవ్వ మళ్లీ మూట కట్టుకుంది. వాళ్లు పోయాక, అవ్వదాని మీదే చేసి చూస్తే తొందరగా తేలుతుంది కదా అన్నాను. మనది పోతే మన ఫొటోలు పోతయి, ఆమెది పోతే ఏం పోతది, అని అడిగింది. మా డబ్బానే మళ్లీ ముందుకు జరుపుకున్నాను.

జవాబు ఆమెకు డయాలిసిస్ మంచం మీద దొరికింది. ఒక చెయ్యి మిషన్‌కు ఇచ్చి, రెండో చేత్తో ఫోన్ పట్టుకొని వెతికేది. టైపు చేయడానికి వీలు కాక నాకు వాయిస్ మెసేజీలు పంపేది. వెనక మిషన్ల కూత, నర్సుల మాటలు వినబడేవి. విషయం ఏమిటంటే, కొత్త లినక్స్ ఆ డబ్బాతో కొత్త పద్ధతిలో, వేగంగా మాట్లాడాలని చూస్తోంది. పాత డబ్బాకు ఆ వేగం అందక చెయ్యి వదిలేస్తోంది. ఫలానా నంబరు డబ్బాతో పాత పద్ధతిలోనే మాట్లాడు అని సిస్టంకు ఒక వరుస రాసిపెట్టాలి.

"ముసలోళ్లతోటి ముసలోళ్ల లెక్క మాట్లాడాలె చెల్లె. గంతే. గాబరా పడకు."

ఆ వరుస రాసినా డబ్బా తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే, కంప్యూటర్ ఒకసారి బంద్ చేసి లేపినవా అని అడిగింది. లేపలేదు. లేపాను. మా ఊరివాళ్ల ముఖాలన్నీ వరుసగా తెర మీదికి వచ్చాయి. ఆ సంతోషం ఆమెకు చెప్పాను. ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచే ఇంకో మెసేజీ పంపింది. తెల్లవారి బావ ఫోన్ వచ్చింది, దుకాణం బంద్ చేసి రా అని.

చౌరస్తాలో కట్టిన ఆమె శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫొటోను ఆ డిస్కు నుంచే తీశాను. ఆ పని నేనే చేశాను, ఎవరినీ చెయ్యనివ్వలేదు. కర్మలన్నీ అయ్యాక బావ దుకాణం తాళాలు నా ముందు పెట్టి బయటికి వెళ్లిపోయాడు. దుకాణం తీసిన మొదటి రోజు నేను చేసిన మొదటి పని ఆలూర్‌కు ఫోన్ చేయడం.

అవ్వ, కోడలు మధ్యాహ్నానికి వచ్చారు. కోడలు చౌరస్తా దగ్గర ఆటో దిగి ఫ్లెక్సీ చూసినట్టుంది. ఆమె కళ్లను బట్టి నాకు అర్థమైంది. అత్తకు ఇంకా చెప్పలేదని కూడా అర్థమైంది. నేను అవ్వను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. అవ్వ డబ్బా రకం వేరు, దాని నంబరు వేరు కనుక కొత్త వరుస రాయాలి. నాకు ఆ వరుస నోటికి రాదు. ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె మెసేజీలు ఒక్కొక్కటే వింటూ టైపు చేశాను. కంప్యూటర్ ఆపి మళ్లీ లేపాను. చివరి మెసేజీ మోగించాను.

"చెల్లె, నేను రాకున్నా అవ్వను ఆపకు. వస్తే ముందుగాల కూసోబెట్టు, చాయ్ తెప్పియ్యి. చాయ్ తాగినంకనే డబ్బా పెట్టు. వెనక దాంట్ల పెట్టు. లైటు వచ్చినంక జర ఆగు. చదువుడుకే తెరువు, రిపేరు చెయ్యాల్నా అని అడిగితే వద్దను."

గొంతు విని అవ్వ ముఖం విప్పారింది. పోయినసారి ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో ఆమెకు గుర్తుంది. నీలం తెర వైపు తిరిగింది.

"తాగిన బిడ్డా. చక్కెర ఎయ్యకుంట తెప్పిచ్చింది నీ చెల్లె. నీకు పానం ఎట్లున్నది?"

మెసేజీ అయిపోయింది. కోడలు నా వైపు చూసింది, నేను కోడలి వైపు చూశాను. చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అవ్వ చేతిలోంచి డబ్బా తీసుకొని వెనక పోర్టులో పెట్టాను. లైటు వచ్చింది. ఆగాను. పేరు వచ్చింది. పోలేదు. అది నిలబడి ఉండడం చూస్తుంటే, అక్కా, నిలబడింది అని నీలం తెర వైపు చూసి అనబోయి ఆగాను. నాకే ఇంకా తెలియనట్టుంది ఆమె లేదని.

చదవడానికి మాత్రమే తెరిచాను. వీడియోలు ఉన్నాయి. మొదటిది మోగించాను. ఇరుకు గది, గ్యాస్ పొయ్యి, బనియన్ వేసుకున్న మనిషి. కోడలు వీధి వైపు తిరిగి నిలబడింది.

"అమ్మా, గిది చూడు. నీ లెక్క పచ్చిపులుసు చేసిన. గీళ్లందరు ఎగవడి తింటున్నరు."

అవ్వ కదల్లేదు. అయిపోయాక మళ్లీ పెట్టమంది. రెండోసారి ఆ గొంతు మాట్లాడుతుంటే అవ్వ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డ చేత్తో పిసకాలె కొడుకా, కత్తితోటి గాదు అంది. మిరపకాయ కాల్చినవా లేదా అని అడిగింది. అతను ఆమె మాటకు ఆగకుండా తన మాట తాను చెప్పుకుంటూ పోయాడు. దానికి అవ్వ ఏమీ అనుకోలేదు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పెట్టాను. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కంప్యూటర్‌కు చెప్పి, డబ్బాను విడదీసి అవ్వ చేతికిచ్చాను. అది ఇంకా వెచ్చగా ఉంది. అవ్వ దాన్ని చెంపకు ఆనించుకుంది.

తర్వాత లేచి, బల్ల అంచు తడుముకుంటూ నీలం తెర దగ్గరికి నడిచి, చెయ్యెత్తింది.

"నూరేండ్లు బతుకు బిడ్డా. సల్లగుండు."

జవాబు కోసం అట్లాగే నిలబడింది. కోడలు భుజం పట్టుకున్నా కదల్లేదు. కొంచెంసేపటికి నా వైపు ముఖం తిప్పి, పండుకున్నదా అని అడిగింది.

ఆఁ, పండుకున్నది అవ్వా అన్నాను.

అవ్వ తల ఊపింది. లేపకు, లేపకు అని సైగ చేసింది. గడప దగ్గర విడిచిన చెప్పులు వేసుకుంటే చప్పుడవుతుందని వాటిని ఒక చేత పట్టుకొని, మూటను గుండెకు అదుముకొని, ఎండకు కాలిన మెట్ల మీద వట్టి కాళ్లతో అలికిడి కాకుండా ఒక్కొక్కటే దిగిపోయింది.